నలభై ఒక్క ఫైళ్ళు

వకుళ కంప్యూటర్ తెరుచుకునేలోగా టీ పెట్టుకోవచ్చు. పెట్టుకుని, వడగట్టుకుని, బాల్కనీలో నిలబడి ఎదుటి కొండ మీదకు మబ్బు ఎంతవరకు దిగిందో చూసి వచ్చినా, తెర మీద ఆ చిన్న చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. కాలేజీలో ఉండగా కొనుక్కున్న పెట్టె అది. పెళ్ళయి విశాఖపట్నం వచ్చేటప్పుడు చీరల సూట్‌కేసు కన్నా జాగ్రత్తగా, రెండు దుప్పట్లలో చుట్టి తెచ్చుకుంది. చిన్నపిల్లల వాచకాలకు బొమ్మలు వేయడం ఆమె పని. ఏనుగు తొండం గీస్తే, గీసిన మూడు సెకన్లకు తెర మీద తొండం కనబడేది. ఆ మూడు సెకన్లూ వకుళ చెయ్యి గాల్లోనే ఆపి, "రావయ్యా ముసలాయనా, వచ్చెయ్" అని బతిమాలేది.

ఆమె భర్త నిరంజన్‌కి అది చూస్తే నవ్వు. పెళ్ళయి అప్పటికి పదకొండు రోజులు. అతను ఋషికొండ దగ్గర ఒక చిన్న పరిశోధనశాలలో పనిచేసేవాడు. కంప్యూటర్ జ్ఞాపకానికీ మనిషి జ్ఞాపకానికీ మధ్య దారి వేయడం అక్కడి పని అని వకుళకు తెలుసు. అంతకు మించి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. పదకొండు రోజుల్లో మాట్లాడుకోవడానికి వేరే బోలెడు ఉన్నాయి.

"కొత్తది కొందామంటే వద్దంటావు," అన్నాడు ఆ శనివారం పొద్దున.

"ముసలాయన్ని వదిలేసి కొత్తవాళ్ళ వెంట పోవడం మా ఇంటా వంటా లేదు."

"అయితే జరుగు. ఆయన నాడి చూస్తాను."

వకుళ జరిగింది గానీ లేవలేదు. ఒకే కుర్చీలో ఇద్దరూ సర్దుకున్నారు. నిరంజన్ ఒక్కో కిటికీ తెరుస్తూ చెప్పుకుపోయాడు.

"మన వంటగది గట్టు ఎంతుంటుంది? రెండు మూరలు. నువ్వేమో పది కూరలు ఒకేసారి మొదలెట్టావు. గట్టు నిండిపోతే ఏం చేస్తావు?"

"కొన్ని గిన్నెలు అటకెక్కిస్తాను."

"ఈయనా అదే చేస్తున్నాడు. గట్టు మెమరీ, అటక హార్డ్ డిస్క్. గట్టు చాలనప్పుడు అటక మీద కొంత జాగాని గట్టులా వాడుకుంటాడు. దాన్ని వర్చువల్ మెమరీ అంటారు. ఈయన అటక పాతది, పైగా కిక్కిరిసి ఉంది. ఒక్కో గరిటెకీ నిచ్చెన వేసుకుని ఎక్కుతున్నాడు, పాపం."

కంప్యూటర్ తెరవగానే వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాములను అతను ఆపేశాడు. ఎప్పుడో దింపుకుని మరిచిపోయిన సినిమాలను తీసేశాడు. తర్వాత తెర మీద ఒక బటన్ చూపించాడు.

"ఇది మాత్రం నీ పని. ప్రతి శనివారం నొక్కు. టెంపరరీ ఫైళ్ళన్నీ పోతాయి. ఇల్లు ఊడ్చుకున్నట్టే."

"వాటిలో ఎవరికైనా కావలసినవి ఉంటే?"

"ఉండవు. ఎవరికీ అక్కర్లేనివే అందులో పడతాయి."

వకుళ నొక్కింది. పచ్చటి గీత కుడివైపుకు పాకి మాయమైంది. గుమ్మం ముందు నీళ్ళు చల్లినంత హాయిగా అనిపించింది ఆమెకు.

"ఇంకొక్క సెట్టింగ్ మిగిలింది. నువ్వు వెళ్ళి టీ పెట్టు," అన్నాడు నిరంజన్.

టీ తెచ్చేసరికి అతని చేతిలో చిన్న పెట్టె ఉంది. అందులో సంపెంగ పువ్వు ఆకారంలో వెండి క్లిప్పు. రేకుల వెనక నల్లగా, వేలిగోరంత బిళ్ళ ఒకటి అంటించి ఉంది. బరువు నిలవడానికి కాబోలు అనుకుంది. అతనే ఆమె జడ పైన, చెవి వెనకగా పెట్టాడు. వంకరగా పెట్టాడు. సర్దుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అలాగే ఉండనీ. తీయకు. నాకోసం."

మంచంపట్టిన మనిషి లేచి పరుగెత్తినట్టు ఆ రోజు కంప్యూటర్ పనిచేసింది. చెయ్యి ఎటు వెళితే గీత అటు వెళ్ళింది. వకుళ ఒక్కరోజులో ఏనుగుకి గున్న, గున్నకి బెల్లం ముక్క, బెల్లానికి చీమల బారు వేసేసింది. సాయంత్రానికి డిజిటల్ పెన్ను ఇంకా చేతిలోనే పట్టుకుని వచ్చి, "ముసలాయనకి ఏం మందేశావ్?" అని అడిగింది.

"చెప్పాగా. అటక మార్చాను," అన్నాడు అతను.

* * *

వాళ్ళకి ఒక ఆట ఉండేది. హాస్టల్లో ఉండగా వకుళ కనిపెట్టింది, పెళ్ళయిన రెండో రోజు నిరంజన్‌కి నేర్పింది. సాయంత్రం టీ దగ్గర ఇద్దరూ ఆ రోజు తమకు దొరికిన మూడు సంతోషాలు చెప్పాలి. పెద్దవి పనికిరావు. జీతం పెరగడం, పరీక్ష పాసవడం లాంటివి లెక్కలోకి రావు. కూరగాయలమ్మాయి కరివేపాకు కాడ కొసరు వేయడం, ఉతికిన దిండు గలీబు ఎండ వాసన వేయడం, లిఫ్టులో ఎవరో కూనిరాగం తీస్తూ తను ఎక్కగానే సిగ్గుపడి ఆపేయడం లాంటివి కావాలి. పాతవైనా సరే, ఇంతవరకు చెప్పనివైతే చాలు. ఒక్కటే నియమం. ఒకసారి చెప్పినది మళ్ళీ చెప్పకూడదు.

మొదటి సాయంత్రం వకుళ మూడోదిగా, తాను అతన్ని ఒక్కరోజులోనే ఎందుకు ఒప్పుకుందో చెప్పింది. నిరంజన్ చెవులు ఎర్రబడ్డాయి. అతను ఖాళీ కప్పు మరోసారి నోటికి ఎత్తుకున్నాడు. ఆ ఖాళీ కప్పు మర్నాడు వకుళ చెప్పిన మూడింటిలో ఒకటైంది.

అలా రోజుకు మూడు. చెప్పేసిన వాటిని మళ్ళీ తలుచుకునే పనిలేదు. రేపటికి కొత్తవి వెతుక్కోవాలి. మూడో వారంలో ఆమె అతన్ని 'మీరు' మానేసి పూర్తిగా 'నువ్వు' అనడం అలవాటు చేసుకుంది. అదీ ఒక సాయంత్రం లెక్కలోకి వచ్చింది.

అయిదో వారంలో ఒక మధ్యాహ్నం నిరంజన్ మరిచిపోయిన క్యారియర్ పట్టుకుని వకుళ పరిశోధనశాలకు వెళ్ళింది. అతను మీటింగులో ఉన్నాడు. పెద్దావిడ డాక్టర్ హైమవతి ఆమెను తన గదిలో కూర్చోబెట్టింది. నెరిసిన జుట్టు, మోకాలి మీద ఎప్పుడో పడ్డ సిరా మరకతో కాటన్ చీర, బల్ల నిండా కాగితాలు. ఆ శాలను మొదలుపెట్టింది ఆవిడే.

"మీ ఆయన బుర్ర బంగారం, అమ్మాయ్," అంది, తెర మీద ఒక గ్రాఫ్ చూపిస్తూ. "మెదడులో అన్ని మూలలూ రోజూ వాడుకలో ఉండవు. చాన్నాళ్ళుగా తలుచుకోనివి ఎక్కడో ఓ మూల పడుంటాయి. వాటిని కాసేపు కంప్యూటర్ డిస్కులోకి తీసి, ఖాళీ అయిన చోట కంప్యూటర్ తన పని చేసుకుంటుంది. ప్రయోగం ముగిశాక ఎక్కడివక్కడ తిరిగి పెట్టేస్తాం. ప్రస్తుతానికి ముగ్గురు వాలంటీర్లున్నారు. ముగ్గురూ మా వాళ్ళే. బయటివాళ్ళ మీద పెట్టడానికి అనుమతి ఇంకా రాలేదు."

గ్రాఫ్‌లో రెండు గీతలు నేల మీద పాకుతున్నాయి. మూడోది గాలిపటంలా పైకి లేచి ఉంది.

"ఈ మూడో ఆయన భలే ఉన్నాడే," అంది వకుళ.

"ఆ మూడో నంబరు నిరంజనే. తన మీద తానే పెట్టుకున్నాడు. ఎంత జాగా ఉందో చూడు. లెక్కలేనన్ని చిన్న చిన్న గూళ్ళు, ఒక్కదాన్నీ రెండోసారి ముట్టుకోడు. ఇలాంటి బుర్ర నేను చూడలేదు."

వకుళకు గర్వంగా అనిపించింది. ఆ సాయంత్రం మూడింటిలో మొదటిది ఆ గీతే. చెప్తే నిరంజన్ టీ పొలమారి చాలాసేపు దగ్గాడు.

* * *

తర్వాతి వారం కొండ మీద మబ్బు చూస్తూ నిరంజన్, "పెళ్ళయిన వారానికి అరకు వెళ్ళినప్పుడు రైల్లో సొరంగాలు లెక్కపెట్టావు గుర్తుందా? ప్రతిసారీ చీకట్లో నా చెవి మెలిపెట్టేదానివి," అన్నాడు.

వకుళ నవ్వింది. నవ్వుతూనే వెతుక్కుంది. రైలు టికెట్ల ఫోటో ఫోన్లో ఉంది. బొర్రా స్టేషన్లో జామకాయ కొరుకుతున్న తన ఫోటో ఉంది. జామకాయ ఎలా ఉందో, ఆ సొరంగాలు ఎలా ఉన్నాయో మాత్రం తగల్లేదు. చీకటిగా కూడా లేదు. అక్కడ ఏమీ లేదు.

"పనెక్కువై బుర్ర మొద్దుబారింది," అంది.

నిరంజన్ మాట మార్చాడు. అతను మాట మార్చాడన్న సంగతి ఆమెకు తర్వాతెప్పుడో తట్టింది.

ఇంకో గురువారం, మధ్యాహ్నం వేళ, కాలేజీ స్నేహితురాలు రేచల్ ఫోన్ చేసింది. గాజువాకలో ట్యూషన్లు చెప్తుంది. దానికీ ఒక ముసలి కంప్యూటర్ ఉంది.

"ఏటే పెళ్ళికూతురా, మొగుడు కంప్యూటర్ బాగు చేశాడని ఊరంతా డప్పేస్తున్నావంట. నాకూ చెప్పొచ్చుగా ఆ కిటుకేటో."

"రేపు చెప్తాలే. సెట్టింగులు చూసి, ఒక్కోటీ ఎక్కడుందో నీకు చదివి వినిపిస్తాను."

"సరే గానీ, ఒకటడుగుతాను, తిట్టకు. ఏడు సంబంధాలు వద్దన్నావు. మీ పిన్ని కాళ్ళరిగిపోయాయి. ఈయన్ని ఒక్క పూటలో ఎలా ఒప్పుకున్నావే? ఏం చూశావసలు?"

వకుళ నోరు తెరిచింది. సమాధానం నాలుక చివరే ఉందనుకుంది. విజయనగరంలో పిన్ని ఇల్లు కనిపించింది. ముందు గది, పళ్ళెంలో బూరెలు, గోడ గడియారం కనిపించాయి. నిరంజన్ గుమ్మంలోకి రావడం కనిపించింది. ఆ తర్వాత రాత్రి తాను పిన్నితో "సరే" అనడం కనిపించింది. రెంటికీ నడుమ జరిగినది లేదు.

"ఏటే, సిగ్గా?" అంది రేచల్.

"రేపు చెప్తాను," అంది వకుళ.

సాయంత్రం టీ దగ్గర మూడు చెప్పకుండా, "నేను నిన్నెందుకు ఒప్పుకున్నాను?" అని నిరంజన్‌ని అడిగింది.

అతను కప్పు కింద పెట్టాడు. "నా నవ్వు చూసి పడిపోయానన్నావుగా. నువ్వే చెప్పావు, మొదటి రోజు."

ఆమె అతని నవ్వు చూసింది. బాగానే ఉంది. కానీ ఒక్క నవ్వు చూసి పెళ్ళికి ఒప్పుకునే మనిషి కాదు తాను.

* * *

శుక్రవారం తలంటు. మామూలుగా తల ఆరీ ఆరకముందే నిరంజన్ క్లిప్పు తెచ్చి పెట్టేసేవాడు. ఆ రోజు అతను తొందరగా వెళ్ళిపోయాడు. క్లిప్పు బాత్రూం అరలో సబ్బు పక్కన ఉండిపోయింది. వకుళ తలకు తువ్వాలు చుట్టుకుని, ఫోన్లో రేచల్‌ని పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

"ఏటే, ఇదేనా వేగం?" అంది రేచల్.

"ఈ రోజు ముసలాయనకి ఒంట్లో బాగున్నట్టు లేదు. ఉండు, వచ్చేసింది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళు. తర్వాత సిస్టమ్, అందులో పెర్ఫార్మెన్స్. ఇప్పుడు వర్చువల్ మెమరీ అని ఉంటుంది, నొక్కు."

"నొక్కాను. సి డ్రైవ్ ఎదురుగా ఏవో అంకెలున్నాయి. నీకేం ఉంది?"

వకుళ తెర చూసింది. సి డ్రైవ్ ఎదురుగా ఏమీ లేదు. డి ఎదురుగా ఏమీ లేదు. వాటి కింద, ఈ కంప్యూటర్లో ఎన్నడూ చూడని మూడో డ్రైవ్ ఒకటి ఉంది. దానికి నిరంజన్ పెట్టిన పేరు 'వకుళ'. దాని ఎదురుగా ఎర్రటి అక్షరాలు: 'అందుబాటులో లేదు'.

"నీకు మళ్ళీ చేస్తానే," అంది.

వెళ్ళి అరలోంచి క్లిప్పు తెచ్చుకుంది. తడి జుట్టులో పెట్టుకుంది. ఎర్ర అక్షరాలు పచ్చబడ్డాయి. వెనకే తెర మీద ఏనుగు బొమ్మ ఠక్కున తెరుచుకుంది. క్లిప్పు తీసింది. చక్రం తిరిగింది. పెట్టుకుంది. ఆగింది. మూడుసార్లు చేసింది.

డాక్టర్ హైమవతి చూపించిన గాలిపటం గీత గుర్తొచ్చింది. లెక్కలేనన్ని చిన్న చిన్న గూళ్ళు. ఒక్కదాన్నీ రెండోసారి ముట్టుకోడు.

చెప్పినది మళ్ళీ చెప్పకూడదు.

తీసినవాటిని కంప్యూటర్ డిస్కులో పెడతారని కదూ ఆవిడ అంది. వకుళ క్లిప్పు తీసి బల్ల మీద పెట్టి వెతకడం మొదలుపెట్టింది. పన్నెండు గంటలకు దొరికాయి. టెంపరరీ ఫైళ్ళ ఫోల్డర్‌లో, వరుసగా నలభై ఒకటి. వాటికి పేర్లు లేవు, తేదీలు మాత్రం ఉన్నాయి. అన్నిటికన్నా పాతది పోయిన శనివారం మధ్యాహ్నానిది. దానికి ముందువి లేవు. పోయిన శనివారం పొద్దున ఆమె బటన్ నొక్కింది. అంతకు ముందు శనివారం కూడా నొక్కింది. క్లిప్పు వచ్చాక ఆరు శనివారాలు, టీ కప్పు ఒక చేత్తో పట్టుకుని, పచ్చటి గీత పాకుతుంటే సరదాపడుతూ నొక్కింది.

* * *

నిరంజన్ భోజనానికి వచ్చేసరికి తెర మీద ఆ ఫోల్డర్ తెరిచి ఉంది. క్లిప్పు బల్ల మధ్యలో ఉంది. అతను చెప్పులు విప్పబోయి ఒకటి విప్పి ఆగిపోయాడు.

"చెప్పాలనే అనుకున్నాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఫలితాలు వచ్చాక."

"నన్ను అడగొచ్చుగా. నేను కాదనేదాన్నేమో. ఒప్పుకునేదాన్నేమో కూడా."

"తెలిస్తే పనిచేయదు, వకుళా." అతను ఎదురుగా కూర్చున్నాడు. గొంతులో నిజంగానే ఓర్పు ఉంది. అన్నిటికన్నా ఆ ఓర్పే ఆమెకు కష్టంగా తోచింది. "ల్యాబులో ఇద్దరికీ తెలుసు. తెలిసినవాళ్ళు భయానికి పాతవన్నీ కూర్చుని తవ్వుకుంటారు. తవ్వితే అవి వాడుకలో ఉన్నట్టే, జాగా దొరకదు. నువ్వు అలా కాదు. రోజంతా పోగేస్తావు, సాయంత్రం చెప్పేస్తావు, వదిలేస్తావు. నీలాంటి మనిషి నాకు ఎక్కడ దొరుకుతుంది?"

"దొరికాను కదా. పెళ్ళి చేసుకున్నారు."

అతను తలెత్తాడు. 'మీరు' అన్న మాట ఇద్దరికీ వినబడింది.

"అందుకు చేసుకోలేదు. ఆ ఆలోచన తర్వాత వచ్చింది. ప్రమాణం."

"టెంపరరీ ఫోల్డర్‌లో ఎందుకు పెట్టారు?"

"అది నా పొరపాటు. ప్రోగ్రాం తనంతట తాను అక్కడ పెట్టింది, నేను చూసుకోలేదు."

"ఎప్పుడు చూసుకున్నారు?"

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఆ చప్పుడు మీద ఆమె ఎప్పుడో ఒక సంతోషం కట్టి ఉంటుంది. అదేమిటో ఇప్పుడు లేదు.

"ఎప్పుడు?"

"మూడో వారం. ఒకదాన్ని తిరిగి పెట్టి చూద్దామని వెతికితే కనబడలేదు."

"అంటే అవి చెరిగిపోతున్నాయని మీకు అప్పుడే తెలుసు. ఆ తర్వాత కూడా శనివారాలు వచ్చాయి. మీరు ఇక్కడే కూర్చుని నేను నొక్కుతుంటే చూశారు. ఒకసారి గుర్తు కూడా చేశారు, 'ఈ రోజు ఊడ్చావా' అని."

"ఆపమంటే ఎందుకని అడిగేదానివి. ఫోల్డర్ మారిస్తే డిస్క్ నిండిపోయి వేగం పడిపోతుంది. అంతవరకు వచ్చిన గ్రాఫ్ మొత్తం..." అతను ఆగాడు. తర్వాత మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు. "పోయినవి ఏమిటి చెప్పు? నీ చదువు పోలేదు, బొమ్మలు పోలేదు, అమ్మానాన్నలు పోలేదు. చిన్న చిన్నవేగా."

వకుళ తెర మీది ఆ తేదీల వరుస వైపు తిరిగింది. ఈ ఇంట్లో ఆ మాటను అందరికన్నా ఎక్కువసార్లు వాడినది తనే. చిన్న చిన్నవే చెప్పాలి, పెద్దవి పనికిరావు అని.

"అవన్నీ నాకు గుర్తున్నాయి," అన్నాడు నిరంజన్, ముందుకు వంగి. "రోజూ నాకు చెప్పావు కదా. నేనే నీకు మళ్ళీ చెప్తాను. రోజుకి మూడు. ఒక్కటి కూడా వదలను."

ఒక్క క్షణం ఆమెకు ఆశ కలిగింది. పోయినవన్నీ ఆ తలలో భద్రంగా ఉన్నాయనీ, తాను అడిగితే చాలుననీ. ఆ తర్వాత అర్థమైంది, ఇకమీదట తన సంతోషాల్లో ఏది నిజమో అతన్ని అడిగి తెలుసుకోవాలని.

లేచి కంప్యూటర్ ఆపింది. తీగలు ఒక్కోటీ ఊడదీసింది. పెట్టెను ఆ పాత రెండు దుప్పట్లలోనే చుట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు అతను.

"మీ మేడమ్ దగ్గరికి. మూడో నంబరు వచ్చిందని చెప్తాను."

* * *

ఆటోలో ఒళ్ళో పెట్టెతో, టిఫిన్ డబ్బాలో క్లిప్పుతో వచ్చిన వకుళ చెప్పినదంతా డాక్టర్ హైమవతి నిలబడే వింది. విన్నాక కూర్చుంది. తెర మీది గాలిపటం గీతను ఒకసారి చూసి, ఆ తెర ఆపేసింది.

"వాడి మాట నమ్మి సంతకాలు పెట్టాను. ఒక్కసారైనా వాడి తలకి ఆ బిళ్ళ పెట్టి నేను చూసుకోలేదు. తప్పు నాదీ ఉందమ్మా. దాని సంగతి నేను చూస్తాను. నీ సంగతి ముందు."

"పోయినవి వస్తాయా?"

"చెరిగిపోయినవి రావు. ఈ నలభై ఒకటి వస్తాయి. కానీ రావాలంటే నువ్వు మళ్ళీ ఆ క్లిప్పు పెట్టుకోవాలి."

వకుళ డబ్బా మూత మీద చెయ్యి వేసింది. దాన్ని పారేసి వెళ్ళిపోతే తల తనదే, కానీ ఆ నలభై ఒకటీ పోతాయి. రేచల్ అడిగినదానికి జవాబు వాటిలో ఉందో లేదో తెలియదు. ఉంటే మాత్రం అదొక్కచోటే ఉంది.

"తెర నా వైపు తిప్పండి," అంది చివరికి. "ఏది నొక్కుతున్నారో చెప్పి నొక్కండి."

హైమవతి తెర తిప్పింది. ప్రతి వరుసా వేలితో చూపించి చదివింది. వకుళ సరేనంటేనే నొక్కింది. లోపల ఏముందో ఆవిడకు కనబడదు. ఫైలు డిస్కులోంచి మాయమైనప్పుడల్లా వకుళ కళ్ళు మూసుకునేది.

ట్యూబ్‌లైటు మీద బల్లి, దాని కడుపులోంచి కనబడిన వెలుగు. హాస్టల్లో రేచల్ దుప్పటి కింద దాచి తెచ్చిన మామిడికాయ. బస్సు కండక్టరు ఇచ్చిన చిరిగిన టికెట్టు మీద ఎవరిదో అందమైన దస్తూరి. పిన్ని కళ్ళజోడు పిన్ని నెత్తి మీదే ఉండగా ఇల్లంతా వెతకడం. ఒక్కోటి వచ్చి దాని చోట అది కూర్చుంది. వకుళ ఏడుస్తోందో నవ్వుతోందో హైమవతికి తెలియలేదు.

ముప్ఫై నాలుగోది నొక్కినప్పుడు వాన చప్పుడు వచ్చింది.

విజయనగరం, పిన్ని ముందు గది. పెళ్ళికొడుకు గంట ఆలస్యం. బాబాయి మొహం గంటుపెట్టుకుని ఉన్నాడు. బూరెలు చల్లారిపోయాయి. బయట మార్చిలో రాకూడని వాన. అప్పుడు గుమ్మంలోకి నిరంజన్ వచ్చాడు, నిలువునా తడిసి, మోచేతుల నుంచి నీళ్ళు కారుతూ. చేతిలో గులాబిరంగు ఆడవాళ్ళ గొడుగు ఉంది. అది మడిచి ఉంది, దాని పట్టీకున్న బొత్తాం కూడా ఊడలేదు.

బస్సులో పక్క సీటావిడ మరిచిపోయి దిగిపోయిందట. తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి నడిచి, ఆవిడ వస్తుందేమోనని గంట నిలబడ్డాడట.

"గొడుగు చేతిలో ఉండగా తడిశారేమండీ?" అని తనే అడిగింది, తలుపు పక్కనుంచి.

అతను ఆ గొడుగుని చూసి, ఆ ప్రశ్నే అర్థం కానట్టు ఆమెను చూశాడు.

"నాది కాదుగదండీ. అడక్కుండా ఎలా వాడతాను?"

* * *

మిగిలిన ఏడూ వచ్చాక క్లిప్పు తీసి హైమవతి బల్ల మీద పెట్టేసింది. వర్చువల్ మెమరీ కిటికీ తెరిచి, తన పేరున్న డ్రైవ్‌ని తన చేత్తోనే తీసేసింది. సి డ్రైవ్ ఎదురుగా పాత అంకెలు పెట్టింది. ఇక మళ్ళీ తొండానికి మూడు సెకన్లు.

నిరంజన్ బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. పెట్టె అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"వచ్చాయా?" అన్నాడు. "ఏమేం వచ్చాయి?"

వకుళ అతని మొహం చూసింది. లోపల ఇంకా ఆ తడిసిన మనిషి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పిలిస్తే ఈ మొహంలోకి వచ్చేస్తాడేమో అనిపించింది. ఒక్క మాట చాలు. మొదటి సాయంత్రం ఈ మాటకే ఇతని చెవులు ఎర్రబడ్డాయి. ఖాళీ కప్పు నోటికి ఎత్తుకున్నాడు.

"గొడుగు," అంది.

నిరంజన్ కనుబొమలు ముడుచుకున్నాయి. అతను నిజంగానే వెతుక్కున్నాడు. పాపం, అతని తలకి ఏ క్లిప్పూ లేదు.

"ఏ గొడుగు?" అన్నాడు.

వకుళ మెట్లు దిగింది. పెట్టెను ఆటోలో సీటు మీద పెట్టి, దాని పక్కన కూర్చుని, గాజువాక పోనిమ్మంది. రేచల్‌కి జవాబు బాకీ ఉంది. దుప్పటి అంచు గాలికి ఎగరకుండా మోకాలితో నొక్కిపట్టింది.

గులాబిరంగు గొడుగు అనుకుంది. బొత్తాం ఊడలేదు. మోచేతుల నుంచి నీళ్ళు. హనుమంతవాక దగ్గర సిగ్నల్ పడితే మళ్ళీ అదే చెప్పుకుంది, మొదటినుంచి. చెప్పినది మళ్ళీ చెప్పకూడదన్న ఆట ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఎదురుగాలికి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా, పెదాలు కదుపుతూ, మూడోసారి మొదలుపెట్టింది. పిన్ని ముందు గది. గంట ఆలస్యం. వాన.